ఇన్సులిన్ చర్మానికి రాసుకుంటే సరిపోతుందా? – ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. చర్మం ద్వారా ఒంట్లోకి వెళ్లే మందుల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఫార్మసీ ప్రొఫెసర్ మేడమ్ మనతో ఉన్నారు. తెనాలి నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా అత్తగారికి షుగరు. పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేస్తాను. పొట్ట మీద పొడిచిన చోటే పొడిచి గడ్డకట్టినట్టయింది. మా మరిది వాట్సాప్‌లో వీడియో పంపాడు. అయానిక్ లిక్విడ్ అనే ద్రవంలో కలిపిన ఇన్సులిన్ చర్మానికి రాస్తే చాలంట. ఎక్కడ దొరుకుద్ది మేడమ్?

ప్రొఫెసర్: ఎక్కడా దొరకదమ్మా. ఎవరైనా అమ్ముతున్నారంటే అది మోసమే. వీడియో పూర్తిగా అబద్ధమని అనను, ఎలుకల చర్మం మీద రాస్తే చక్కెర తగ్గింది. కానీ ఎలుక చర్మం మన చర్మం కంటే పల్చన. ఇన్సులిన్ కాస్త ఎక్కువ దిగినా, తక్కువ దిగినా ప్రమాదమే. సూది మాత్రం ఆపొద్దు. ఆ గడ్డల సంగతి చెప్పండి, ఎప్పుడూ అదే చోట వేస్తున్నారా?

కాలర్: అవునండీ, అక్కడైతే నొప్పి తెలీదంటారు.

ప్రొఫెసర్: చాలామంది అదే అంటారు. గడ్డలో వేసిన మందు రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా. చోటు మార్చండి, ప్రతిసారీ కొత్త సూది వాడండి. అయితే ముందు డాక్టరుగారికి చెప్పండి. మంచి చోట వేస్తే అదే డోసు బాగా పట్టి చక్కెర పడిపోవచ్చు.

యాంకర్: వరంగల్ నుంచి బీఫార్మసీ విద్యార్థి.

కాలర్: మేడమ్, అయానిక్ లిక్విడ్ అంటే ఉప్పే కదా? ఉప్పు ద్రవంగా ఎలా ఉంటుంది? చర్మాన్ని ఎలా దాటిస్తుంది?

ప్రొఫెసర్: మంచి ప్రశ్న. వంటింటి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. 100 డిగ్రీలలోపే కరిగే లవణాల్ని అయానిక్ లిక్విడ్లంటాం. వాటి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, పెద్దవి, వంకరటింకరవి. గుమ్మడికాయల్నీ బెండకాయల్నీ ఒకే బుట్టలో సర్దినట్టు, ఎంత సర్దినా పొందిక కుదరదు, అందుకే స్ఫటికంగా గట్టిపడవు. వాల్డెన్ అనే రసాయన శాస్త్రవేత్త 1914లోనే 12 డిగ్రీల దగ్గర కరిగే ఒక లవణం గురించి రాశాడు.

ఇక చర్మం. పై పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంతే. అయినా మృతకణాల మధ్య సెరమైడ్లనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు వరుసలుగా పేర్చుకుని ఉంటాయి. అణువు బరువును డాల్టన్లలో కొలుస్తాం. 500 డాల్టన్లు దాటిన అణువు అక్కడే ఆగిపోతుందని మేం లెక్కేసుకుంటాం. ఇన్సులిన్ దాదాపు 5,800. ముంబైలో చదువుకున్న శాస్త్రవేత్త సమీర్ మిత్రగోత్రి బృందం 2014లో కాలిఫోర్నియా నుంచి కేజ్ అనే ద్రవం గురించి చెప్పింది. ఒక పాలు కోలిన్, రెండు పాళ్లు జెరానిక్ ఆమ్లం. అది ఆ కొవ్వుల్లో కొంత బయటికి లాగి దారి వదులు చేస్తుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది, మందునే అయానుగా చేసి, దానికి జోడీ కట్టి మొత్తాన్నే ద్రవంగా మార్చడం.

కాలర్: జెరానిక్ ఆమ్లం నిమ్మగడ్డిలో ఉంటుందని చదివాను.

ప్రొఫెసర్: ఉంటుంది. అలాగని నిమ్మగడ్డి నూనెలో మందు నూరి రాసుకోకండి నాయనా! నా భయమల్లా ఒక్కటే. మందుకు తెరిచిన దారి మంటపుట్టించే పదార్థాలకీ తెరిచే ఉంటుంది. రోజూ ఏళ్ల తరబడి రాస్తే చర్మం ఏమవుతుందో తేలాకే మాట్లాడాలి.

యాంకర్: కరీంనగర్ నుంచి చివరి కాల్.

కాలర్: మేడమ్, పాపకు రక్తం తీసేముందు తిమ్మిరెక్కే క్రీము రాశారు. ఐదు నిమిషాలకే సూది గుచ్చారు, బిడ్డ ఒకటే ఏడుపు. ఆ క్రీము పనిచెయ్యదా?

ప్రొఫెసర్: పనిచేస్తుంది, టైమివ్వాలి. లిడోకైన్, ప్రిలోకైన్ అనే రెండు తిమ్మిరి మందులు కలిపిన క్రీము అయ్యుంటుంది. లిడోకైన్ విడిగా 68 డిగ్రీలకు కరుగుతుంది, రెండూ సమంగా కలిపితే 18కే, అంటే మామూలు గది వేడికే ద్రవమైపోతాయి. అయానిక్ లిక్విడ్ కాదు గానీ దాని వరసే. రాసి, పైన ప్లాస్టిక్ పొర అంటించి, కనీసం గంట ఆగాలి.

కాలర్: అయితే ఈసారి ఇంట్లోనే రాసుకెళ్లొచ్చా?

ప్రొఫెసర్: ఏ చేతికి, ఎంత రాయాలో పిల్లల డాక్టరు చెబితే రాయండి. ఎంత రాయాలన్నది పాప వయసు, బరువును బట్టి ఉంటుంది, ఎక్కువ పూస్తే బాగా పడుతుందనుకోవద్దు. పుండున్న చోట వద్దు. పొర పీకి నోట్లో పెట్టుకోకుండా పైన చిన్న గుడ్డ చుట్టండి.