ఆ నీలం కవర్ సంగతి

(హైదరాబాద్‌లోని ఒక పాలిటెక్నిక్ కాలేజీలో పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, నాకు చదువు చెప్పిన సార్లకు, మేడమ్‌లకు, రెండేసి బస్సులు మారి వచ్చిన పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు, పొద్దుటి నుంచి కుర్చీలు వేసి మంచినీళ్ళు పెడుతున్న అటెండర్ అన్నకు, అందరికీ నమస్కారం. నేను డిప్లొమా చదివిన రోజుల్లో ఈ హాల్లో రెండే ఫ్యాన్లు ఉండేవి. ఇప్పుడు పన్నెండు ఉన్నాయి, లెక్కపెట్టాను. సంతోషం.

'ఎలక్ట్రిక్ వాహనాల భవిష్యత్తు' మీద మాట్లాడమన్నారు. కార్డులో కూడా అలాగే వేశారు. భవిష్యత్తు చెప్పడానికి నాకంటే పెద్దవాళ్ళున్నారు. నేను చర్లపల్లిలో బ్యాటరీ ప్యాక్‌లు బిగించే లైన్ మీద సూపర్‌వైజర్‌గా చేశాను. నాకు బాగా తెలిసింది ప్యాక్ లోపలి బ్యాటరీ సెల్లుకీ బయటి అల్యూమినియం పెట్టెకీ మధ్య ఉండే 2 మిల్లీమీటర్ల సందు. ఈ రోజు దాని గురించే చెబుతాను, సార్ క్షమించాలి.

సెల్లులోంచి కరెంటు పోతుంటే లోపల వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. చదును రోడ్డు మీద ఒక్కరే పోవడం వేరు, వెనక ఇంకొకరిని ఎక్కించుకుని బంజారాహిల్స్ ఎత్తు ఎక్కడం వేరు. లిథియం సెల్లుకి 15 నుంచి 35 డిగ్రీల మధ్య హాయి. 45 దాటి రోజూ కాగుతుంటే దాని ఆయుష్షు తరిగిపోతుంది. ఇంకా పైకి పోయి 130 దాకా వస్తే లోపలున్న పాలిథిన్ పొర కరుగుతుంది, ప్లస్సూ మైనస్సూ కలుస్తాయి. అక్కడి నుంచి సెల్లు తన వేడిని తానే పెంచుకుంటూ పోతుంది, పక్క సెల్లుని కూడా అంటిస్తుంది.

ఆ వేడి పుట్టిన చోటే ఉండిపోకుండా బయటి పెట్టెకి చేరాలి. చేతికి నున్నగా తగిలే రెండు లోహాలను ఒకదాని మీద ఒకటి పెట్టినా అవి అక్కడక్కడా మాత్రమే ఆనుకుంటాయి. మిగతాదంతా గాలి. వేడిని మోయడంలో అల్యూమినియం అంకె 200 పైచిలుకు, గాలిది 0.025. ఎనిమిది వేల రెట్ల తేడా. ఆ గాలిని తరిమేయడానికే థర్మల్ ప్యాడ్ పెడతాం. సిలికోన్ రబ్బరులో అల్యూమినా పొడి దట్టించి చేసిన మెత్తటి పలక అది. మేము వాడినది 3 గ్రేడు, అంటే వేడిని మోయడంలో దాని అంకె 3. 3 అంటే పెద్ద అంకేమీ కాదు. మన మౌలాలి గుట్ట గ్రానైట్ కూడా ఇంచుమించు అంతే మోస్తుంది. కానీ గాలి కంటే నూరు రెట్లకు పైగా మేలు.

ట్యూబులోంచి వచ్చే పేస్టు రకాన్ని మా లైన్‌లో ఆడవాళ్ళు 'లప్పం' అనేవాళ్ళు. గోడకు లప్పం ఎందుకు పెడతాం? గుంటలు పూడ్చడానికి. ఇంజినీర్లు గంటసేపు స్లైడ్లు వేసి నాకు చెప్పింది ఆ ఒక్క మాటలో ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫుడ్ డెలివరీ చేసే ఒక తమ్ముడి స్కూటర్ మే నెలలో మధ్యాహ్నం రెండింటికల్లా హబ్సిగూడ దగ్గర ఆగిపోయేది. గంటసేపు నీడలో పెడితే మళ్ళీ కదిలేది. ఆ గంటలో అతని ఆర్డర్లు పోయేవి. సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తిరిగాడు. "ఎండలకు మామూలే" అని పంపేశారు. నాలుగోసారి ప్యాక్ మా దగ్గరికి వచ్చింది. పరీక్ష పెడితే ఒక వరస సెల్లులు పక్క వరస కంటే 11 డిగ్రీలు ఎక్కువ చూపిస్తున్నాయి. 5 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదంటారు.

స్క్రూలు విప్పి మూత ఎత్తాను. ప్యాడ్ ఒక వైపు సెల్లులకు అంటుకుని ఉంది. రెండో వైపు, బిగించే ముందు తీసేయాల్సిన నీలం కవర్ అలాగే ఉంది. కొత్త ఫోన్ అద్దం మీద ఉంటుందే, అలాంటి పల్చటి పొర. ముడతలు పడి ఉంది. గోరుతో మూల లేపి లాగితే టర్రుమని వచ్చేసింది. దాని కింద ప్యాడ్ ఇంకా కొత్తదానిలా జిగురుగా, నిగనిగలాడుతూ ఉంది. రెండు ఎండాకాలాలు ఆ బండిలో ఊరంతా తిరిగింది, ఒక్కరోజు కూడా సరిగ్గా పని చేయలేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి లెక్క వేశాను. పొర కంటే దాని ముడతల్లో ఇరుక్కున్న గాలే ఎక్కువ నష్టం చేసింది. 0.1 మిల్లీమీటరు గాలి వేడికి ఎంత అడ్డమంటే, 2 మిల్లీమీటర్ల ప్యాడ్లు ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చినంత అడ్డం. పిల్లలూ, ఇది నోట్సులో రాసుకోండి. మందాన్ని వేడి మోసే అంకెతో భాగించండి, మీకే వస్తుంది.

మన ఊళ్ళో ఇది మరీ ముఖ్యం. ప్యాడ్ చల్లదనాన్ని పుట్టించదు, వేడికి దారి వేస్తుంది, అంతే. బయట 20 డిగ్రీలున్న దేశంలో 50 డిగ్రీల సెల్లుకి దిగడానికి 30 మెట్లున్నాయి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం బయటే 42. మిగిలింది 8 మెట్లు. ఆ చల్లటి దేశంలో దారిలో చిన్న అడ్డం ఉన్నా సర్దుకుపోతుంది. ఇక్కడ సర్దుకోదు. వేడిని తాగడానికి సెల్లుల చుట్టూ మైనం వాడే పద్ధతి కూడా ఉంది. కిలో పారఫిన్ మైనం కరిగేటప్పుడు దాదాపు 200 కిలోజౌళ్ళ వేడి తాగేస్తుంది. కానీ మైనం వేడిని మోయలేదు, గ్రాఫైట్ కలపాలి. కరిగింది మళ్ళీ గడ్డకట్టడానికి చల్లటి వేళ కావాలి. మధ్యాహ్నం చార్జింగ్ పెట్టి సాయంత్రం మళ్ళీ పరిగెత్తే బండికి ఆ వేళ ఎక్కడిది? దాని గురించి ఇంకోసారి చెబుతాను.

ఆ కవర్ దగ్గరికే వస్తున్నా. ఎంక్వైరీ పెట్టారు. ఆ ప్యాక్ మీద ప్యాడ్ అంటించింది మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె. అంతకు ముందు అగరబత్తీలు చుట్టేది. అంత కుదురైన వేళ్ళు నేను మళ్ళీ చూడలేదు. ప్యాడ్ అంచు వెంట్రుకవాసి కూడా పక్కకు పోయేది కాదు. అడిగితే ఒకటే మాట అంది: "నాకెవ్వరు చెప్పలే మేడం. ఒక దిక్కు తెల్ల కవర్ తియ్యమన్నరు, తీసిన. గీ నీలందిగూడ దాంట్ల భాగమే అనుకున్న."

గోడ మీద సూచనల కాగితం ఉంది. ఏడో లైన్‌లో 'రిమూవ్ బోత్ లైనర్స్' అని ఉంది, ఇంగ్లీషులో. రెండు వైపులా పొరలు తీసేయమని. పెద్దక్కకు తెలుగు కూడా కూడబలుక్కుని చదవడమే వచ్చు. రిపోర్టులో 'ఆపరేటర్ పొరపాటు' అని రాశారు. సోమవారం నుంచి రావద్దన్నారు. ఆ రిపోర్టు కింద రెండో సంతకం నాది. ఆమెకు చెప్పాల్సిన మనిషిని నేను. నేను చెప్పలేదు, సంతకం మాత్రం పెట్టాను. ఈ మాట బయట చెప్పడం ఇదే మొదటిసారి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ దగ్గర మొదలైన మంట పై అంతస్తుల్లోని హోటల్‌కి పాకి ఎనిమిది మంది చనిపోయారు. దానికి ప్యాడ్ కారణమని నేను అనడం లేదు. ఆ ఏడాది స్కూటర్ మంటలు చూశాకే కేంద్రం ఈ బండ్ల బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 నిబంధనలను కఠినం చేసింది. 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమల్లోకి వచ్చాయి. మంచి పని. కానీ టెస్టింగ్ ల్యాబ్‌కి పంపే ప్యాక్‌ని ఎంతో జాగ్రత్తగా బిగిస్తాం. నెలాఖరులో టార్గెట్ టెన్షన్‌లో రాత్రి షిఫ్టులో బిగించే ప్యాక్ ఎవరి చేతిలోంచి వెళ్తుంది? ఆ చేతికి సంగతి తెలుసా?

మన బాలాపూర్‌లో ఉన్న పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ లాంటివి లిథియం బ్యాటరీ పదార్థాల మీద పని చేస్తున్నాయి. ఈ హాల్లో కూర్చున్న మీలో కొందరు అక్కడికీ వెళ్తారు. ఇంకా మంచి ప్యాడ్లు చేయండి, 10 గ్రేడు చేయండి. ఎక్కువమంది మాత్రం నాలాగా లైన్ మీదికే వస్తారు. సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చున్న మొదటి రోజే ప్యాడ్ అంటించే అక్కల దగ్గరికి వెళ్ళండి. పొర తీసిన ప్యాడ్, తీయని ప్యాడ్ రెండూ వేడి ప్లేటు మీద పెట్టి చేత్తో ముట్టుకోనివ్వండి. పది నిమిషాల పని. సూచన తెలుగులో రాయండి, పక్కన బొమ్మ వేయండి. తీసిన పొరలన్నీ ఒక డబ్బాలో వేయించి షిఫ్టు చివర లెక్కపెట్టండి. వంద ప్యాడ్లకు రెండు వందల పొరలు రావాలి. ఒక్కటి తక్కువైనా ఆ ప్యాక్ గేటు దాటకూడదు. నేను తర్వాత చేరిన చోట ఇదే చేశాను. పెద్దక్క ఇల్లు వెతుక్కుంటూ రెండుసార్లు వెళ్ళాను. ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయారని చెప్పారు.

నా సంచిలో నలభై ప్యాడ్ ముక్కలు తెచ్చాను. వాలంటీర్లు ఒక్కో వరసకు ఇవ్వండి. రెండు వైపులా పొర ఉంది, చూసుకోండి. ముందు వరసలో పచ్చ చున్నీ వేసుకున్న అమ్మా, నువ్వు మొదలుపెట్టు. మూల దగ్గర గోరు పెట్టి లాగు. ఆ, అలాగే. ఇప్పుడు తిప్పి రెండో వైపు కూడా తియ్యి. తీసిన పొరలు ఈ డబ్బాలో వెయ్యండి. ఎనభై రావాలి, నేనిక్కడే ఉండి లెక్కపెడతాను.