కారు బ్రేకు ప్యాడ్ల మార్పిడి, బ్రేకు గొట్టాల్లోని గాలి తీయడం: ఇంటి దగ్గరే చేసుకునే విధానం

[దృశ్యం: ఇంటి ముందు చదునైన నేల మీద నిలిపిన చిన్న కారు]

నమస్కారం. ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉన్న చిన్న కారుకు ముందు ప్యాడ్లు ఎలా మార్చాలో, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని ఎలా తీయాలో ఈ వీడియోలో చూపిస్తున్నాను. చాలామంది ఈ రెండింటినీ ఒకే పనిగా భావిస్తారు. ఆయిల్ గొట్టం విప్పకుండా ప్యాడ్లు మాత్రమే మార్చినప్పుడు లోపలికి గాలి చొరబడదు కనుక, దాన్ని తీయవలసిన అవసరమూ రాదు. గొట్టం విప్పినా, పెడల్ మెత్తగా దిగిపోతున్నా మాత్రం ఆ పని తప్పదు.

[దృశ్యం: కొత్త ప్యాడ్, అరిగిన ప్యాడ్ పక్కపక్కన]

రాపిడి పదార్థం మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే ప్యాడ్లు మార్చేయండి. ఒక చక్రానికే మార్చితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది కాబట్టి రెండు ముందు చక్రాలకూ కలిపి మార్చాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, చక్రం నట్లను నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే బండిని ఎత్తండి. జాకీ బండిని ఎత్తడానికే. ఎత్తిన బండిని మోయవలసినవి స్టాండ్లు.

[దృశ్యం: కాలిపర్ దగ్గరి నుంచి]

చాలా కార్లలో కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) కింది బోల్టు విప్పితే అది పైకి తిరుగుతుంది. పూర్తిగా ఊడదీయవలసి వస్తే ఆయిల్ గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. పాత ప్యాడ్‌ను అడ్డు పెట్టి సి-క్లాంప్‌తో కాలిపర్ లోపల ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను నిదానంగా వెనక్కి నెట్టేటప్పుడు, పైనున్న బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం పెరిగి పొర్లవచ్చు. ఆ ఆయిల్ బండి రంగును తినేస్తుంది కనుక చుక్క పడినా వెంటనే నీటితో కడగాలి. దుమ్మును నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదకండి. బ్రేకు క్లీనర్‌తో తడిపి తుడవండి. కాలిపర్ జారే పిన్నులకు సిలికాన్ గ్రీజు రాయండి. అది డిస్కుకు గాని, ప్యాడ్ ముఖానికి గాని అంటకూడదు. బోల్టులను మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకు బిగించండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి ఎవరూ మరచిపోవద్దు. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి మొదటిసారి తొక్కితే పెడల్ నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే బండి కదలకముందే, పెడల్ గట్టిపడేవరకు మెల్లగా, కొంచెం కొంచెంగా తొక్కి, ఆయిల్ మట్టం సరిచూడండి.

[దృశ్యం: గాలి తీసే నిపుల్, దానికి తగిలించిన పారదర్శక గొట్టం]

ఇక గాలి సంగతి. ద్రవం నొక్కుకుపోదు గాని గాలి నొక్కుకుపోతుంది. గొట్టంలో బుడగ ఉంటే మన కాలి బలం చక్రానికి చేరకుండా ఆ బుడగను నలపడానికే ఖర్చవుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలి; తేమ పట్టాక ఆ కనీస ప్రమాణం 155 డిగ్రీలే. తిరుమల ఘాట్ రోడ్డులో బ్రేకు మీద కాలు పెట్టి దిగేవారికి ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది: వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ ఖాళీగా దిగిపోతుంది.

కుడివైపు స్టీరింగ్ ఉన్న మన కార్లలో సాధారణంగా వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అనే వరుసలో గాలి తీస్తారు. మీ బండి మాన్యువల్ వేరే వరుస చెబితే దాన్నే పాటించండి. లోపల ఒకరు కూర్చోవాలి. మీరు "తొక్కు" అన్నప్పుడు వారు పెడల్ నొక్కి పట్టుకోవాలి, మీరు రింగు స్పానర్‌తో చక్రం దగ్గర గాలి బయటికి వదిలే నిపుల్ కాస్త తెరిచి బుడగలు పోయాక మూసేయాలి, ఆ తరువాతే "వదులు" అనాలి. మూయకముందే కాలు తీస్తే బయటి గాలి లోపలికి లాగబడుతుంది. పాత బండిలో పెడల్‌ను నేలదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టే భాగం) లోపలి సీళ్లు దెబ్బతినవచ్చు, అందుకే నేను పెడల్ కింద చెక్కముక్క పెడతాను. డబ్బాలో ఆయిల్ ఎప్పుడూ కనీస గుర్తు కంటే కిందికి దిగకూడదు.

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) యూనిట్‌లోకి గాలి చేరితే కొన్ని కార్లకు స్కానర్ కావాలి. అప్పుడు వర్క్‌షాపుకు తీసుకెళ్లడమే సరైనది.

[దృశ్యం: ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తున్న కారు]

చక్రాలు బిగించాక ఇంజన్ నడుపుతూ పెడల్‌ను గట్టిగా పట్టి ఉంచి, అది మెల్లగా దిగుతోందో లేదో, నిపుళ్ల దగ్గర చెమ్మ ఉందో లేదో చూడండి. తరువాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మృదువుగా పలుసార్లు తగ్గించండి. మధ్యలో డిస్కులు చల్లారనివ్వండి.