నయం చేసేదీ, నష్టం చేసేదీ ఆ కణాలే

అందరికీ నమస్కారం.

ఎముక మజ్జ మార్పిడి అనగానే చాలామందికి ఆపరేషన్ థియేటరు, కోతలు, కుట్లు గుర్తొస్తాయి. రోగి విషయంలో అవేవీ ఉండవు. దాత నుంచి సేకరించిన కణాలను సంచిలో తెచ్చి, రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి రక్తంలో తిరుగుతూ తమంతట తామే ఎముకల లోపలికి చేరి, అక్కడ నిలదొక్కుకుంటాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త రక్తకణాలు కనబడతాయి. అసలు కష్టమంతా ఆ రోజుకు ముందూ ఆ తర్వాతా ఉంటుంది. ఆ కష్టం ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని తగ్గించడానికి డెబ్బై ఏళ్లుగా పరిశోధకులు ఏం చేశారు అన్నదే ఈరోజు నా విషయం.

మార్పిడిలో రెండు రకాలున్నాయి. మైలోమా, కొన్ని రకాల లింఫోమాల్లాంటి రక్త క్యాన్సర్లలో రక్తకణాలను తయారుచేసే రోగి సొంత స్టెమ్ సెల్స్‌నే ముందుగా తీసి, గడ్డకట్టించి దాచి, చాలా ఎక్కువ మోతాదులో కీమోథెరపీ ఇచ్చాక తిరిగి ఎక్కిస్తారు. అక్కడ క్యాన్సర్‌ను చంపేది మందే. దెబ్బతిన్న మజ్జను తిరిగి నిలబెట్టడం వరకే కణాల పని. రెండో రకంలో కణాలు ఇంకొకరివి. నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది దీని గురించే.

మొదట్లో ఈ రెండో రకాన్ని కూడా అందరూ అలాగే అనుకున్నారు. రేడియేషన్‌తో రక్త క్యాన్సర్ అయిన లుకేమియాను పూర్తిగా చంపేద్దాం, దాంతోపాటు మజ్జ కూడా పోతుంది కాబట్టి వేరొకరి మజ్జతో ప్రాణం నిలబెడదాం అన్నది ఆలోచన. 1957లో అమెరికాలోని కూపర్స్‌టౌన్‌లో వైద్యుడు డొనాల్ థామస్ బృందం ఆరుగురు రోగులకు ఇతరుల మజ్జను ఎక్కించింది. ఇద్దరిలో మాత్రమే, అదీ కొద్దికాలమే, ఆ కణాలు నిలిచాయి. వంద రోజులు దాటి ఎవరూ బతకలేదు. 1959లో లుకేమియా ఉన్న ఇద్దరు పిల్లలకు, అచ్చం వారిలాగే ఉండే కవలల మజ్జను ఇచ్చినప్పుడు అది చక్కగా నిలిచింది. కానీ కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. రేడియేషన్ ఒక్కటే చాలదని ఆ రోజే తెలిసింది. ఆ కవలల సంగతి గుర్తు పెట్టుకోండి.

1960లలో ఫలితాలు ఎంత నిరాశగా ఉన్నాయంటే, చాలామంది ఈ రంగాన్నే వదిలేశారు. థామస్ వదల్లేదు. మనుషుల మీద ప్రయత్నాలు ఆపి, భార్య డొరొతీతో, తన బృందంతో కలిసి కుక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. దాతకూ గ్రహీతకూ కణజాలం ఎలా కలవాలో, మార్పిడి తర్వాత ఏ మందు ఇవ్వాలో అక్కడ నేర్చుకున్నారు. అదే కాలంలో ఫ్రాన్స్‌లో జాన్ డొస్సే 1958లో మొదలుపెట్టిన పని వల్ల హెచ్‌ఎల్‌ఏ గుర్తుల గురించి తెలిసింది. మన కణాల మీద ఉండే ఈ గుర్తులను బట్టే రోగనిరోధక వ్యవస్థ తనవారెవరో పరాయివారెవరో పోల్చుకుంటుంది.

1977లో సియాటిల్ నగరంలోని థామస్ బృందం, ఇంక ఏ చికిత్సా మిగలని వందమంది లుకేమియా రోగుల ఫలితాలను ప్రకటించింది. పదముగ్గురు ఏడాది నుంచి నాలుగున్నరేళ్ల దాకా జబ్బు లేకుండా ఉన్నారు. వందకు పదమూడు అంటే మనకు చిన్న సంఖ్యగా కనబడవచ్చు. కానీ ఆ వందమందిలో మార్పిడి లేకుండా బతుకుతారని ఆశ పెట్టుకోదగ్గవారు లేరు. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అంతకంటే ముఖ్యమైన సంఖ్య లేదు. చివరిదాకా ఆగకుండా, కీమోతో జబ్బు అణిగి ఉన్నప్పుడే మార్పిడి చేస్తే ఫలితం ఇంకా మెరుగవుతుందని ఆ తర్వాత తేలింది. థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది.

మార్పిడి అయ్యాక, దాత మజ్జతోపాటు వచ్చిన టి కణాలు అనే రోగనిరోధక కణాలు రోగి శరీరాన్ని పరాయిదిగా చూసి దాడి చేస్తాయి. ఒంటి మీద దద్దుర్లు, ఆగని విరేచనాలు, కామెర్లు వస్తాయి. కొందరిలో అది నెలలు, సంవత్సరాలు సాగి కళ్లు పొడిబారడం, చర్మం బిగుసుకుపోవడం, ఊపిరితిత్తులు దెబ్బతినడం దాకా వెళ్తుంది. దీన్నే గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్, పొట్టిగా జీవీహెచ్‌డీ అంటారు. ప్రాణాలు తీయగల సమస్య ఇది. అయితే 1979లో సియాటిల్ వైద్యులే ఒక విషయం గమనించారు. జీవీహెచ్‌డీ వచ్చిన రోగుల్లో లుకేమియా తిరగబెట్టడం తక్కువగా ఉంది. అచ్చం ఒకేలా ఉండే కవలల నుంచి మజ్జ తీసుకున్నవారికి జీవీహెచ్‌డీ రాదు, కానీ వాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ.

1980లలో మరో రుజువు దొరికింది. దాడి చేసేవి టి కణాలే కదా అని, మజ్జలోంచి వాటిని ముందే తీసేసి ఎక్కించారు. జీవీహెచ్‌డీ బాగా తగ్గింది. దాంతోపాటే లుకేమియా తిరిగి రావడం పెరిగింది. 1990లో జర్మనీలో హాన్స్ యోహెం కోల్బ్ బృందం, మార్పిడి తర్వాత జబ్బు తిరగబెట్టిన ముగ్గురు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా రోగులకు ఇంటర్‌ఫెరాన్‌తోపాటు అదే దాత లింఫోసైట్లను, అంటే టి కణాలుండే తెల్ల రక్తకణాలను, ఎక్కించింది. కొత్తగా కీమో, రేడియేషన్ ఇవ్వలేదు. అయినా లుకేమియా మాయమైంది. అప్పటికి అనుమానం తీరిపోయింది. క్యాన్సర్‌ను చివరికంటా వేటాడేది దాత రోగనిరోధక కణాలే.

ఈ సంగతి తెలిశాక చికిత్స తీరే మారింది. పని చేసేది దాత కణాలైనప్పుడు, మజ్జను పూర్తిగా నాశనం చేసేంత మందు అందరికీ అవసరమా? 1990ల చివర్లో తక్కువ మోతాదు పద్ధతులు వచ్చాయి. అంతకుముందు వయసు ఎక్కువని వెనక్కి పంపేసిన అరవై, డెబ్బై ఏళ్ల వారికి కూడా మార్పిడి చేయడం సాధ్యమైంది. లుకేమియా ఎక్కువగా వచ్చేది ఆ వయసులోనే కాబట్టి, ఇది చాలా పెద్ద మార్పు.

ఇక దాతల సంగతి. తోబుట్టువు హెచ్‌ఎల్‌ఏ గుర్తులు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. ప్రపంచవ్యాప్తంగా రిజిస్ట్రీల్లో నాలుగు కోట్లకు పైగా దాతలున్నా, ఐరోపా మూలాలున్న రోగులకు దొరికినంత సులువుగా మిగతావారికి దొరకరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇక్కడే బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకుల పని ఎంతో మేలు చేసింది. సగం మాత్రమే సరిపోయే తల్లి, తండ్రి, బిడ్డ లేదా తోబుట్టువు నుంచి కణాలు ఎక్కించి, మూడో రోజూ నాలుగో రోజూ సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత మందునే ఇచ్చారు. రోగి శరీరాన్ని చూసి రెచ్చిపోయిన టి కణాలు సరిగ్గా ఆ రోజుల్లోనే వేగంగా విభజన చెందుతుంటాయి కాబట్టి మందు దెబ్బ వాటికి ఎక్కువగా తగులుతుంది. స్టెమ్ సెల్స్‌లో ఆ మందును విరిచేసే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి అవి తప్పించుకుంటాయి. పూర్తిగా సరిపోయే దాతలున్నవారిలో కూడా ఈ పద్ధతి మేలని 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది. తీవ్రమైన జీవీహెచ్‌డీ గానీ, జబ్బు తిరగబెట్టడం గానీ లేకుండా ఏడాది గడిపినవారు అంతవరకూ వాడుతున్న మందులతో సుమారు 35 శాతమైతే, దీనితో సుమారు 53 శాతం.

దాతలుగా పేరు నమోదు చేసుకోవడానికి చాలామంది వెనకాడేది వెన్నెముకకు సూది గుచ్చుతారేమో అన్న భయంతో. అలా చేయరు. ఎక్కువ సందర్భాల్లో నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, చేతి నరం నుంచే యంత్రంతో కణాలు సేకరిస్తారు. ఆ రోజుల్లో ఒళ్లునొప్పులు, ఎముకల నొప్పులు ఉంటాయి, తర్వాత తగ్గిపోతాయి. మజ్జే కావాల్సి వస్తే మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు. తీసిన మజ్జ కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. ఈ మాట మీ ఇంట్లో వాళ్లకు కూడా చెప్పండి.

ఇంతా చేసినా జబ్బు తిరగబెట్టడం ఇప్పటికీ మా ముందున్న పెద్ద సమస్య. 2009లో ఇటలీలోని మిలాన్ పరిశోధకులు దానికి ఒక కారణం కనిపెట్టారు. సగం సరిపోయిన దాత నుంచి మార్పిడి చేసిన కొందరిలో, తిరిగొచ్చిన లుకేమియా కణాలు దాతతో కలవని ఆ సగం హెచ్‌ఎల్‌ఏ గుర్తులను పూర్తిగా వదిలించుకున్నాయి. దాత టి కణాలు వాటిని పోల్చుకోలేకపోయాయి. అలాంటప్పుడు అదే దాత లింఫోసైట్లు మళ్లీ ఎక్కించడం వల్ల ఫలితం ఆశించలేం, జీవీహెచ్‌డీ ప్రమాదం మాత్రం ఉంటుంది. కాబట్టి ఇలాంటి మార్పిడి తర్వాత జబ్బు తిరగబెడితే, ముందు ఆ కణాలకు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయాలి. గుర్తులు పోయాయని తేలి, రెండో మార్పిడికి రోగి తట్టుకోగలిగితే, మిగిలిన సగాన్ని పరాయిదిగా గుర్తుపట్టగల వేరే దాతను వెతకాలి.