2018లో ఫస్ట్ పిక్ మన చేతిలో ఉంటే: ఏటనా, లూకానా?

బామ్మర్ది: అందరికీ నమస్కారం, డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి నేను, ఫీనిక్స్ పక్కన చాండ్లర్ నుంచి మా బావ. ఇవాళ టాపిక్ మా ఇంట్లో ఏ ఫంక్షన్‌కి కలిసినా భోజనాల దగ్గర మొదలయ్యేదే. 2018 ఎన్‌బీఏ డ్రాఫ్ట్, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే రోజు, ఫీనిక్స్ టీమ్ సన్స్ చేతిలో ఫస్ట్ పిక్, అంటే అందరికన్నా ముందు ఎంచుకునే వంతు, డిఆండ్రే ఏటన్‌ని తీసుకోవాలా లూకా డాన్చిచ్‌ని తీసుకోవాలా. ఒక్క రూల్ పెట్టుకుందాం బావా, ముందు 2018 జూన్ 21 నాటికి తెలిసిన వాటితోనే మాట్లాడదాం, తర్వాత ఏమైందో ఆఖర్న చూద్దాం.

బావ: ఆ రూల్ నేనే అడుగుదామనుకున్నా, ఎందుకంటే ఇప్పుడు ఎవరిని కదిలించినా లూకా అంటారు, అయిపోయిన పెళ్లికి బాజాలు ఎవరైనా వాయిస్తారు. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని ఆలోచించాలి. దానికి ముందు ఫీనిక్స్ పరిస్థితి తెలియాలి, అది మీ డాలస్ వాళ్లకి పట్టదు.

బామ్మర్ది: చెప్పు చెప్పు.

బావ: 1968లో మొదలైన టీమ్ ఇది, అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఫస్ట్ పిక్ రాలేదు. 1969లో రావాల్సింది, అప్పట్లో లాటరీ లేదు, అట్టడుగున ఉన్న రెండు టీములకీ టాస్ వేసేవాళ్లు. సన్స్ వాళ్లు ఫ్యాన్స్‌ని ఓటు అడిగితే బొమ్మ అన్నారు, టీమ్ కూడా బొమ్మే కోరింది, బొరుసు పడింది, కరీం అబ్దుల్ జబ్బార్ మిల్వాకీ వెళ్లిపోయాడు. అప్పటికి ఆయన పేరు లూ అల్సిండర్ అనుకో. మాకు నీల్ వాక్ దక్కాడు. ఇక్కడ పెద్దాళ్లు ఇప్పటికీ ఆ టాస్ గురించి మాట్లాడతారు తెలుసా. అంటే ఒక పెద్ద సెంటర్, బుట్ట దగ్గర ఆడే పొడగరి, చేతిదాకా వచ్చి జారిపోయాడన్న బాధ ఆ ఊళ్లో యాభై ఏళ్లుగా ఉంది. ఇక 2018కి వస్తే 21 గెలుపులు 61 ఓటములు, 2010 తర్వాత ప్లేఆఫ్స్ (లీగ్ మ్యాచ్‌ల తర్వాత జరిగే నాకౌట్ సిరీస్‌లు) మొహమే చూడలేదు, సెంటర్‌గా ఉన్న టైసన్ చాండ్లర్‌కి 35 ఏళ్లు. అలాంటప్పుడు మే 15న ఫస్ట్ పిక్ ఎవరిదో తేల్చే లాటరీ తగిలింది, అదే సమయానికి పక్క ఊరు టూసాన్‌లో యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో 7 అడుగుల 1 అంగుళం కుర్రాడు, మ్యాచ్‌కి 20.1 పాయింట్లు, 11.6 రీబౌండ్లు (గురి తప్పిన బాల్‌ని అందుకోవడం), పైగా బహామాస్ నుంచి వచ్చాక హైస్కూల్ ఆఖరి ఏళ్లు కూడా ఫీనిక్స్‌లోనే ఆడాడు. నువ్వైతే వదులుతావా?

బామ్మర్ది: వదులుతాను బావా.

బావ: అంత తొందరగా అనకు, పూర్తిగా విను. షూటింగ్ 61 శాతం, ఆ సైజులో పాదాలు అంత తేలిగ్గా కదిలేవాళ్లు అరుదు, ఫ్రీ త్రోలు కూడా బాగానే వేస్తాడు. డిఫెన్స్ వీక్ అన్నారు, నిజమే, కానీ అక్కడ దుషాన్ రిస్టిచ్ అని ఇంకో పెద్ద మనిషి ఉండటంతో ఏటన్‌ని చాలాసేపు పవర్ ఫార్వర్డ్‌గా ఆడించారు, బుట్ట దగ్గర నిలబడాల్సిన వాణ్ణి బయట తిప్పారు. అది సరిచేయొచ్చు. ఎత్తు మాత్రం ఎవరూ నేర్పలేరు కదా.

బామ్మర్ది: సరే, నా వంతు. నువ్వు చెప్పిన ఆ 20 పాయింట్లు ఎవరి మీద? కాలేజీ పిల్లల మీద. ఆ ఏడాది కాలేజీల జాతీయ టోర్నమెంట్ ఫస్ట్ రౌండ్‌లో బఫెలో చేతిలో 89-68తో ఓడిపోయారు. ఇటు లూకా పదమూడేళ్లకే స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ బాస్కెట్‌బాల్ టీమ్‌కి వెళ్లాడు, పదహారేళ్లకి సీనియర్ టీమ్‌లో దిగాడు. మనకి తెలిసినట్టు చెప్పాలంటే ఒకడు ఇంటర్ కాలేజీ టోర్నీలో సెంచరీలు కొట్టాడు, ఇంకొకడు పంతొమ్మిదేళ్లకే రంజీ ఫైనల్‌లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు, సెలెక్టర్‌వి నువ్వు, ఎవరి స్కోరుకి విలువిస్తావ్?

బావ: యూరప్ క్లబ్బుల పెద్ద లీగ్ యూరోలీగ్‌లో వాడి యావరేజ్ 16 పాయింట్లేగా.

బామ్మర్ది: ఇదిగో, ఇక్కడే అందరూ పొరపడింది. అక్కడ మ్యాచ్ 40 నిమిషాలు, అందులో వాడు ఆడేది ఓ 26 నిమిషాలు, ఆ కాసేపట్లో 16 పాయింట్లు, దాదాపు 5 రీబౌండ్లు, 4 పైన అసిస్టులు (పాయింటుకి దారితీసే పాస్‌లు), అదీ ముప్పై ఏళ్లు దాటిన తలపండిన ప్రొఫెషనల్స్ మీద. ఇంకో సంగతి చెప్తా, చాలామంది మర్చిపోతారు. ఆ సీజన్‌కి ముందు 2017 ఆగస్టులో సెర్జియో యూల్‌కి మోకాలు పోయింది, అంతకుముందు ఏడాది యూరోలీగ్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, ఆయన, రియల్ మాడ్రిడ్ బాల్ మొత్తం ఆయన చేతిలో ఉండేది. ఆయన లేకపోతే ఆ బరువంతా ఎవరి మీద పడింది? పద్దెనిమిదేళ్ల పిల్లాడి మీద. వాడు ఏం చేశాడు? యూరోలీగ్ ఎంవీపీ అయ్యాడు, అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరూ అవ్వలేదు. మే 20న బెల్‌గ్రేడ్‌లో ఫెనర్బాచే మీద 85-80తో కప్పు కొట్టి ఫైనల్ ఫోర్ (సెమీస్, ఫైనల్) ఎంవీపీ. జూన్ 19న స్పెయిన్ లీగ్ టైటిల్, ఆ లీగ్ ఎంవీపీ కూడా వాడే, రెండు రోజులకి బ్రూక్లిన్‌లో డ్రాఫ్ట్. అంతకుముందు సెప్టెంబర్లో తన దేశం స్లొవేనియాతో యూరప్ దేశాల టోర్నీ యూరోబాస్కెట్ గోల్డ్, సెమీస్‌లో స్పెయిన్‌ని 20 పాయింట్ల తేడాతో చిత్తు చేశారు. ఇంకేం కావాలి బావా? వయసు 19, బయోడేటా చూస్తే రిటైర్ అయ్యేవాడిలా ఉంది.

బావ: అవన్నీ కాదనను. కానీ మా భయం వేరే. స్పీడ్ లేదు, పెద్దగా ఎగరలేడు, ఎన్‌బీఏలో ఒక్కొక్కడు గుర్రంలా పరిగెత్తుతాడు, వాళ్ల మధ్య వీడు డిఫెండర్‌ని దాటగలడా అన్నది అప్పుడు న్యాయమైన డౌటే.

బామ్మర్ది: ఆ వీడియోలు ఒక్కసారి స్లోగా పెట్టుకుని చూడాల్సింది. స్క్రీన్ దగ్గర, అంటే మనవాడొకడు అడ్డంగా నిలబడ్డ చోట, డిఫెండర్ ఒక్క అడుగు వెనకపడగానే మామూలుగా అందరూ స్పీడ్ పెంచుతారు. వీడు తగ్గిస్తాడు. ఆ డిఫెండర్‌ని తన వీపుకి ఆనించి అలాగే పెట్టుకుంటాడు, వాడు ముందుకి రాలేడు, పక్కకి పోలేడు. ఇప్పుడు ఎదురుగా సెంటర్ ఒక్కడే ఉన్నాడు, అతను లూకా మీదకి వెళ్లాలా, వెనక పెద్దోణ్ణి కాయాలా అని తేల్చుకోలేక అటూ ఇటూ ఊగుతుంటాడు. లూకా అతని పాదాలే చూస్తుంటాడు. బరువు ఏ కాలి మీద పడిందో చూసి దానికి వ్యతిరేకంగా పాస్ వెళ్లిపోతుంది, లేదా ఒక్క అడుగు వెనక్కేసి త్రీ కొడతాడు. దీనికి ఎగరడంతో పనేముంది? ఆ బ్రేక్ వేయడం కూడా అథ్లెటిసిజమే, కాకపోతే జనం దాన్ని లెక్కలోకి తీసుకోరు. నిలబడి ఎంత ఎత్తు ఎగిరాడో టేపు పెట్టి కొలుస్తారు, ఎంత తొందరగా ఆగాడో ఎవడు పట్టించుకున్నాడు?

బావ: బాగా చెప్పావు, కానీ నా అసలు పాయింట్ ఇంకా అక్కడే ఉంది. మాకు డెవిన్ బుకర్ ఉన్నాడు. ముందు ఏడాది బోస్టన్ మీద 70 కొట్టాడు. బాల్ వాడి చేతిలో ఉండాలి. ఇద్దరికీ బాల్ కావాలంటే ఎలా? ఒకే బాల్‌తో ఆట. బుకర్ పక్కన స్క్రీన్ పెట్టి బుట్ట వైపు దూసుకెళ్లే పెద్ద మనిషి కావాలి, ఏటన్ సరిగ్గా అదే.

బామ్మర్ది: ఇద్దరు బాల్ హ్యాండ్లర్లు పొసగరని 2018 మేలో ఎలా అంటావ్ బావా? అదే నెలలో హ్యూస్టన్‌లో హార్డెన్, క్రిస్ పాల్ పక్కపక్కనే ఆడి 65 మ్యాచ్‌లు గెలిచిన టీమ్‌తో గోల్డెన్ స్టేట్‌ని సిరీస్‌లో ఆఖరి మ్యాచ్ గేమ్ 7 దాకా లాక్కెళ్లారు, పాల్‌కి దెబ్బ తగలకపోతే ఏమయ్యేదో. ఆ టీమ్‌లో సెంటర్ ఎవరు? క్లింట్ కపేలా, 25వ పిక్. అంటే అదే ఏడాది, అందరి కళ్ల ముందే, ఆ లీగ్ ఏం చెప్తోందంటే స్క్రీన్ పెట్టి డంక్ చేసే పెద్దోడు కిందెక్కడో కూడా దొరుకుతాడు, అతనికి బాల్ అందించేవాడు మాత్రం దొరకడు. ఇంకోటి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం, 21 మ్యాచ్‌లు గెలిచిన టీమ్‌కి ఫలానా పొజిషన్‌లో కొరత ఉంది అనే మాటే తప్పు. అన్నీ కొరతే. మూడేళ్ల తర్వాత ఆ టీమ్‌లో ఎవరు మిగులుతారో తెలియదు, ఇవాళ ఖాళీగా ఉన్న కుర్చీ చూసి పదేళ్లకి సరిపడే మనిషిని ఎంచుకుంటావా?

బావ: బుకర్ మిగిలాడుగా.

బామ్మర్ది: బుకర్ ఒక్కడే మిగిలాడు.

బావ: ఊఁ.

బామ్మర్ది: ఇంకా విచిత్రం చెప్పనా, స్లొవేనియాకి గోల్డ్ తెచ్చిన కోచ్ ఇగోర్ కొకోష్కోవ్‌ని ఆ మేలోనే సన్స్ హెడ్ కోచ్‌గా పెట్టుకున్నారు. లూకాని భూమ్మీద అందరికన్నా దగ్గరగా చూసిన నలుగురైదుగురిలో ఒకడు మీ బిల్డింగ్‌లోనే ఉన్నాడు.

బావ: అది నాకూ బాధే, దాచను. ఆయన్ని ఒక్క సీజన్‌కే పంపించేశారు కూడా. కానీ కోచ్‌కి తెలిసిన కుర్రాడని ఫస్ట్ పిక్ వాడితే, వాడు ఆడకపోతే, ఊళ్లో ఏమంటారో కూడా ఆలోచించు. ఆటగాళ్లని ఎంచుకునే ఫ్రంట్ ఆఫీస్ వాళ్లకి ఉద్యోగాలుంటాయి. ఇక లూకాని వదిలింది మేమొక్కళ్లమేనా? రెండో పిక్ శాక్రమెంటో, మార్విన్ బాగ్లీని తీసుకున్నారు. మూడో పిక్ అట్లాంటా, లూకా పేరు పిలిచి మరీ డాలస్‌కి ఇచ్చేశారు, బదులుగా ట్రే యంగ్, ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్ తీసుకున్నారు.

బామ్మర్ది: ముగ్గురు వదిలారంటే వదలడం కరెక్ట్ అని కాదు. అట్లాంటాని నేను అననులే, వాళ్లకి ట్రే యంగ్ వచ్చాడు, శాక్రమెంటోదే ఘోరం. సరే, ఇక తర్వాత జరిగినవి చూద్దాం. నువ్వు ముందు.

బావ: 2021 చెప్పాలి. క్రిస్ పాల్ వచ్చాడు, 51 గెలుపులు, ప్లేఆఫ్స్‌లో ఏటన్ 65 శాతం పైన షూటింగ్‌తో దాదాపు 16 పాయింట్లు, 12 రీబౌండ్లు. డెన్వర్ సిరీస్‌లో ఆ ఏడాది ఎంవీపీ యోకిచ్‌ని చాలాసేపు డబుల్ టీమ్ (ఇద్దరు కలిసి కాయడం) లేకుండా ఒంటరిగా కాశాడు, 4-0 కొట్టాం. ఇక జూన్ 22, క్లిప్పర్స్ మీద, ఒక పాయింట్ వెనక, గడియారంలో 0.9 సెకన్లు. క్రౌడర్ బయట నుంచి బాల్ వేయాలి. బుకర్, మా స్టార్, వెళ్లి క్లిప్పర్స్ సెంటర్ జుబాచ్‌కి అడ్డంగా నిలబడ్డాడు. ఏటన్ చుట్టూ తిరిగి బుట్ట దగ్గరికొచ్చాడు. క్రౌడర్ బాల్‌ని నేరుగా రిమ్, అంటే బుట్ట రింగు, మీదకే వేశాడు. మామూలుగా రిమ్ పైన ఉన్న బాల్‌ని ముట్టుకుంటే బాస్కెట్ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు, పాయింట్ ఇవ్వరు, కానీ బయట నుంచి విసిరిన బాల్ నేరుగా పడినా పాయింట్ రాదు కాబట్టి ఆ రూల్ దానికి వర్తించదు. అది తెలిసి గీసిన ప్లే అది. గాల్లోనే అందుకుని కుక్కేశాడు, 104-103. ఆ రాత్రి చాండ్లర్‌లో మా వీధి వీధంతా హారన్లే. ఆ డంక్ లేకపోతే 1993 తర్వాత ఫీనిక్స్ ఫైనల్స్‌కి వెళ్లేదా? ఆ ఎత్తు లేనివాడు ఆ బాల్ అందుకునేవాడా?

బామ్మర్ది: ఆ డంక్ నేనూ లేచి నిలబడి చూశా, దాన్ని ఎవరూ తీసేయలేరు. కానీ ఒక్కటి ఆలోచించు, ఏటన్‌కి అంత మంచి సీజన్ ఎప్పుడొచ్చింది? బాల్ ఎప్పుడు ఎక్కడ ఇవ్వాలో తెలిసిన క్రిస్ పాల్ వచ్చాక. ముందు మూడో ఏడాది దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. లూకా మొదటి ఏడాదే 21.2 పాయింట్లతో రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు), ఎవరూ రానక్కర్లేదు, వాడే పక్కవాళ్లని బాగుచేస్తాడు. ఇక 2022 మే 15, లాటరీ గెలిచిన రోజుకి సరిగ్గా నాలుగేళ్లు, మీ ఊళ్లోనే మా డాలస్‌తో గేమ్ 7. 64 గెలిచిన టీమ్ మీది. హాఫ్ టైమ్‌కి లూకా 27, సన్స్ మొత్తం 27.

బావ: గుర్తుందిలే.

బామ్మర్ది: ఏటన్ ఆడింది 17 నిమిషాలే. 123-90. నేను ఎత్తిపొడవడానికి చెప్పట్లేదు బావా, డ్రాఫ్ట్ రోజున ఎవరో ఒకడు టేబుల్ మీద అడగాల్సిన ప్రశ్న ఇదే, గేమ్ 7లో మనవాడు వీళ్లలో ఎవరైతే బాగుంటుంది, ఎదుటివాడు ఎవరైతే భయమేస్తుంది?

బావ: ఆ ప్రశ్నకైతే జవాబు లూకానే. కానీ నా మాట కూడా రాసుకో, ఏటన్ ఫెయిల్యూర్ కాదు. ఫైనల్స్‌లో స్టార్టింగ్ సెంటర్. ఫస్ట్ పిక్‌గా వచ్చినవాళ్లలో అసలు ఆడలేనివాళ్లు ఎంతమందిని చూశాం. అదే డ్రాఫ్ట్ రాత్రి పదో పిక్ మికాల్ బ్రిడ్జెస్‌ని కూడా ట్రేడ్ చేసి తెచ్చుకున్నారు, ఆ టీమ్ ఫైనల్స్‌కి వెళ్లిందంటే ఆ రాత్రి తీసుకున్న ఇద్దరూ కారణమే. జనం లూకా కాదని ఏటన్‌ని తిట్టడం నాకు నచ్చదు. వాణ్ణి వాడే ఎంచుకోలేదు కదా, ఎంచుకున్నది వేరేవాళ్లు. ఆ తిట్లు ఇన్నేళ్లుగా మోస్తున్నది మాత్రం వాడు.

బామ్మర్ది: ఇది ఒప్పుకుంటా, మనస్ఫూర్తిగా. ఇప్పుడు చూడు, మా వాణ్ణి 2025 ఫిబ్రవరిలో డాలస్ నుంచి లేకర్స్‌కి పంపేశారు, దాని గురించి మాట్లాడితే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, ఆ వేసవిలోనే ఏటన్ కూడా లేకర్స్‌కే వచ్చాడు. ఫీనిక్స్ ఎవరో ఒకరిని ఎంచుకోవాల్సిన ఆ ఇద్దరూ ఒకే జెర్సీలో పిక్ అండ్ రోల్, ఒకడు స్క్రీన్ పెట్టి దూసుకెళ్తే ఇంకొకడు బాల్ అందించడం.

బావ: అందుకే ఇన్నాళ్లకి లేకర్స్ మ్యాచ్‌లు పెడుతున్నా, మా ఆవిడ నమ్మట్లేదు. సరే ఓటు చెప్పేస్తా, 2018 జూన్ 21న నా ఓటు ఏటన్‌కే, బుకర్ ఉన్నాడు కాబట్టి.

బామ్మర్ది: నాది లూకా, బుకర్ ఉన్నా సరే. వచ్చే ఎపిసోడ్ 2007, పోర్ట్‌లాండ్, గ్రెగ్ ఓడెనా, కెవిన్ డ్యూరాంటా. బావా నువ్వెటు?

బావ: ఓడెన్ 7 అడుగులు కదా, చేతికి ఆపరేషన్ అయి కూడా కొన్నాళ్లు ఎడమ చేత్తో ఫ్రీ త్రోలు వేశాడు, కాలేజీ ఫైనల్లో ఫ్లోరిడా మీద 25 కొట్టాడు. నేను వాడి వైపే మాట్లాడతా.

బామ్మర్ది: సరే, ఆదివారం పొద్దున్నే రికార్డింగ్, మీ టైమ్‌కి ఎనిమిదింటికి కూర్చో.