మా తాతగారు బిలియర్డ్స్ చాంపియన్ అంటారు, నిజమేనా?

వ్యాఖ్యాత: హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత: ఆయ్, అంబాజీపేట నుంచండీ. మా అమ్మ వాళ్ల నాన్నగారు కాకినాడలో ఉండేవారు. బిలియర్డ్స్‌లో స్టేట్ చాంపియన్ అని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితాలన్నీ 96 తుపానులో పోయాయండి. వెండి కప్పు ఒకటి మిగిలింది. అమ్మకి ఒంట్లో బాగుండటం లేదు, తను ఉండగానే నిజమేంటో కనుక్కోవాలని ఉంది.

అతిథి: కప్పు మీద ఏం రాసుందమ్మా?

శ్రోత: నల్లబడిపోయిందండి మాస్టారూ. 1951 అని మాత్రం తెలుస్తోంది. చింతపండు పెట్టి తోముదామని...

అతిథి: వద్దమ్మా, అస్సలు తోమకండి. అరిగిన అక్షరాలు ఇంకా అరుగుతాయి. చీకట్లో పెట్టి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి ఫొటోలు తీయండి. ఇక 1951 అంటే ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాలేదు, 1953 అక్టోబర్ 1న వచ్చింది. అప్పటి మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవి. కాబట్టి స్టేట్ చాంపియన్ అన్నది నిజమైతే ఆ వార్త కోసం మద్రాసు పత్రికలు చూడాలి. అమ్మగారిని బల్ల మీద బంతులెన్నో కూడా అడగండి. మూడే అంటే బిలియర్డ్స్. ఎర్రవి పదిహేను, రంగురంగులవి ఇంకొన్ని అంటే స్నూకర్. ఇళ్లల్లో రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. తాతగారు క్లబ్బులో మెంబరా?

శ్రోత: కాదండి. క్లబ్బులో ఉద్యోగం.

అతిథి: మార్కరా?

శ్రోత: అవునండి. ఆ మాట మావాళ్లు పైకి అనరు.

అతిథి: గట్టిగా అనమ్మా! బంతులు సర్దడం, స్కోరు చూడడం, మెంబర్లకు ఆట నేర్పడం, అన్నీ మార్కర్ పనే. పొద్దస్తమానం ఆ బల్ల దగ్గరే ఉంటాడు. అలాంటి మనిషి చేయి ఎంత తిరిగి ఉంటుందో ఆలోచించండి. 1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో ప్రపంచ బిలియర్డ్స్ టైటిల్ గెలిచారు. ఏ ఆటలోనైనా వ్యక్తిగతంగా మన దేశానికి మొదటి ప్రపంచ చాంపియన్ ఆయనే. అది కూడా అమెచ్యూర్ చాంపియన్‌షిప్పే, అంటే ఆటను జీతం కోసం కాక సరదాగా ఆడేవాళ్ల పోటీ. జీతానికి ఆట ఆడించే మనిషి పేరు అలాంటి పోటీల జాబితాల్లో లేకపోవచ్చు. లేనంత మాత్రాన ఆయన ఆడలేదనుకోకండి.

శ్రోత: మరి ఎక్కడ వెతకాలండి?

అతిథి: ముందు ఆ క్లబ్బుకే వెళ్లండి. జీతాల రిజిస్టరు, కమిటీ మినిట్స్ పుస్తకం అడగండి. కప్పు మెంబర్లే బహుమతిగా ఇచ్చి ఉంటే ఆ తీర్మానం మినిట్స్‌లో ఉండొచ్చు. ఆ తరువాత రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి, 1951 ఆంధ్రపత్రిక ఉందేమో కనుక్కోండి, అప్పట్లో అది మద్రాసు నుంచే వచ్చేది. నెల తెలియకుండా ఏడాది మొత్తం తిరగేస్తే కళ్లు పోతాయి, అందుకే ముందు క్లబ్బు. కానీ అన్నిటికంటే ముందు అమ్మగారు. ఈ రాత్రే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. చాంపియనా కాదా అని మాత్రం అడగకండి, అవుననేస్తారు. ఎవరికి నేర్పేవారు, ఇంటికి ఎన్నింటికి వచ్చేవారు, కర్ర సొంతమా క్లబ్బుదా, ఇలాంటివి అడగండి.

శ్రోత: ఎవరికి నేర్పేవారో తెలుసండి. కాకినాడలో ఓ ప్లీడరుగారి కుటుంబం. అమ్మ వాళ్ల మాట ఎప్పుడూ ఎత్తుతుంటుంది.

అతిథి: వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో తెలుసా?

శ్రోత: అక్కడే ఉన్నారండి.

అతిథి: అయితే క్లబ్బుకు బయల్దేరే ముందు వాళ్లకు ఫోన్ చేయండమ్మా. పాత ఫొటోలు ఉంటే వాళ్ల దగ్గరే ఉండాలి.