దాహం ముందా, మూత్రం ముందా?

శ్రోతలకు నమస్కారం.

మే నెల హైదరాబాద్‌లో దాహం వేయని మనిషి ఉండడు. అందుకే మా క్లినిక్‌కు వచ్చేవారిలో చాలామంది "ఎండలకు నీళ్లు ఎక్కువగా తాగుతున్నానండీ, అందుకే మాటిమాటికీ మూత్రం వస్తోంది" అంటారు. మధుమేహంలో జరిగేది దీనికి తిరగేసిన వరస. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పూర్తిగా పట్టి ఆపలేవు. జారిపోయే చక్కెర తనతోపాటు నీటినీ లాక్కుపోతుంది. ఒళ్లు ఎండిపోయి దాహం వేస్తుంది. అంటే మూత్రం ముందు, దాహం తర్వాత. అదే ఎండ దెబ్బ అయితే మూత్రం తగ్గి, రంగు ముదురుతుంది. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తే పాపం ఎండను తిట్టకండి. వయసు మీరిన మగవారికి ప్రోస్టేట్ కూడా కారణం కావచ్చు, పరీక్షిస్తే తేలిపోతుంది.

మూత్రానికి చీమలు పట్టడాన్ని మన ఆయుర్వేద వైద్యులు ఎప్పుడో గమనించారు. గొప్ప పరిశీలనే. కానీ చీమలు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఎందుకంటే పరగడుపున చక్కెర 126 చేరితే చాలు, వైద్యులు మధుమేహమంటారు. 100 నుంచి 125 వరకు దాని గుమ్మంలో ఉన్నట్టు. దాహం మొదలయ్యేది 180 దాటాక. ఈ మధ్యలో శరీరం ఏమీ చెప్పదు. ఏళ్ల తరబడి చెప్పకపోవచ్చు.

పూర్తిగా మౌనం అనడానికీ లేదు. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లబడి, మఖమల్ గుడ్డలా మందమవుతుంది కొందరికి. మురికి అనుకుని సున్నిపిండితో రుద్ది రుద్ది ఎర్రగా చేసుకున్నవారిని చూశాను. అది మురికి కాదు, చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ రక్తంలో పెరిగిన గుర్తు. పొట్టలో, కాలేయంలో కొవ్వు చేరితే కండరాలు ఇన్సులిన్ మాట వినవు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపి నెట్టుకొస్తుంది. అది అలసిపోయిన రోజున చక్కెర పైకి లేస్తుంది.

కాబట్టి "నేను తీపి ముట్టనండీ" అన్నంత మాత్రాన సరిపోదు. చక్కెర లేని చాయ్ తాగుతూ, పళ్లెం నిండా అన్నం పెట్టుకుని, పగలంతా మాదాపూర్‌లో కుర్చీకి అతుక్కుపోతే అదే పొట్ట వస్తుంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా సరే, నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే మనవాళ్లకు ముప్పే. అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి పోయినా ఇంకాస్త ముందే మేలుకోవాలి.

పిల్లల సంగతి వేరు. వారికి ఎక్కువగా వచ్చే రకంలో క్లోమం ఇన్సులిన్ తయారుచేయడమే దాదాపు మానేస్తుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలై, బిడ్డ చిక్కిపోతుంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వారాల మీదికి వాయిదా వేయకండి.

పెద్దలు పరగడుపు పరీక్షకు కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. ల్యాబ్ పక్కనే ఇరానీ హోటల్ ఉంటుంది, చాయ్ వాసన వస్తుంది, నాకు తెలుసు. రక్తం ఇచ్చాకే వెళ్లండి. అప్పుడు కూడా ఒక్క ఉస్మానియా బిస్కెట్‌తో ఆపండి.