బంతి విసరడం కూడా నేర్పాలా?

యాంకర్: నమస్కారం. పరిగెత్తడం, గెంతడం, బంతి పట్టడం ఒకరు నేర్పాలా, వయసుతో వాటంతటవే వస్తాయా? మాస్టారూ, మీరు చెప్పండి.

వ్యాయామ ఉపాధ్యాయుడు: పరుగు వచ్చేస్తుందండీ. విసరడం అలా రాదు. నాలుగో తరగతిలో కూడా కొందరు కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకు వేస్తారు. నడుము తిరగదు, బలమంతా మోచేతితోనే. ఎడమకాలు ముందుకు వెయ్యి, భుజం వెనక్కి తిప్పు అని చెప్పి కొన్నాళ్లు చేయించాలి, అక్షరాలు దిద్దించినట్టే.

తల్లి: మా పాప చిన్నప్పుడు బంతి వదిలేసినా నవ్వేది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆటల పీరియడ్ అంటే కడుపునొప్పి అంటుంది. ఇంట్లో అందరూ బద్ధకం అంటారు.

డాక్టర్: బద్ధకం కాకపోవచ్చమ్మా. ఐదారేళ్ల పిల్లలు తమకు అన్నీ వచ్చనే అనుకుంటారు, అందుకే ఎన్నిసార్లయినా ప్రయత్నిస్తారు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి పక్కవాళ్లతో పోల్చుకోవడం పెరుగుతుంది. రాదని తెలిశాక తప్పుకుంటారు. తప్పుకుంటే ఇంకా రాదు. పరిశోధకుడు డేవిడ్ స్టాడెన్ బృందం 2008లో ఈ సంగతినే ఒక నమూనాగా వివరించింది. పసితనంలో ఆడటం వల్ల నైపుణ్యం వస్తుంది, పెద్దయ్యేకొద్దీ నైపుణ్యం ఉన్నవాళ్లే ఆటలో నిలుస్తారు.

యాంకర్: రోజుకు గంట ఆడాలంటారు కదా సార్?

డాక్టర్: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో 5 నుంచి 17 ఏళ్లవారికి సగటున రోజుకు 60 నిమిషాలు అని ఉంది. ఊపిరి వేగం పెరిగేంత శ్రమ ఉండాలి. ఎముకలకు, కండరాలకు బలమిచ్చే ఆటలు వారంలో కనీసం 3 రోజులు.

వ్యాయామ ఉపాధ్యాయుడు: గంట సంగతి తర్వాత సార్, ఉన్న పీరియడ్ ఏమవుతోందో చూడండి. క్లాసంతా లైను, ఒకటే బంతి. ఒక్కొక్కరి చేతికి ఎన్నిసార్లు వస్తుంది? పైగా ఔటైతే పక్కన కూర్చోవాలి. ముందు ఔటయ్యేది ఎవరండీ? ఆట రానివాళ్లే! ఎవరికి సాధన కావాలో వాళ్లనే కూర్చోబెడుతున్నాం.

యాంకర్: మరి గెలుపోటములే వద్దంటారా?

వ్యాయామ ఉపాధ్యాయుడు: అంత మాట అనను, పోటీ లేకపోతే పిల్లలే ఊరుకోరు. ఔటైనవాళ్లు ఐదు గెంతులు గెంతి మళ్లీ లోపలికి రావచ్చని రూల్ మారిస్తే చాలు. బంతులు చాలకపోతే పాత సాక్సులు ఉండచుట్టినా విసరడానికి పనికొస్తాయి.

తల్లి: ఆడపిల్లలకు విసరడం రాదంటారు, నిజమేనా?

డాక్టర్: సగటున విసరడంలో మగపిల్లలు ముందుంటున్నారు. అయితే ఈ వయసులో ఒంటి బలంలో తేడా తక్కువ. ఎవరి చేతికి బంతి ఎక్కువసార్లు ఇచ్చామన్నదే పెద్ద తేడా అని నా అభిప్రాయం. ఇంకోటి. నేర్పినా రాకపోతే, బొత్తాలు పెట్టుకోవడం, రాయడం కూడా కష్టమైతే తిట్టకండి, డాక్టరుకు చూపించండి. డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, అంటే ఒంటి కదలికలు సరిగా కుదరని ఇబ్బంది, బడి పిల్లల్లో సుమారు 5, 6 శాతం మందిలో ఉంటుంది.

తల్లి: మరి ఇంట్లో ఎలా మొదలుపెట్టమంటారు మాస్టారూ?

వ్యాయామ ఉపాధ్యాయుడు: బెలూన్‌తో అమ్మా. మెల్లగా దిగుతుంది, ముఖానికి తగిలినా నొప్పి ఉండదు, కాబట్టి పాప కళ్లు మూసుకోదు. బెలూన్ పట్టుకోవడం వచ్చిందంటే మెత్తటి పెద్ద బంతి, ఆ తర్వాతే చిన్నది. మొదట్లో మీరిద్దరే ఆడండి, చుట్టాలు వచ్చినప్పుడు ఆడి చూపించమనకండి.